అంతఃపురపు దానిమ్మ పన్నెండేళ్లు పూయని వైనం

పూర్వం కృతయుగాన శోణపురాన్ని ధర్మాత్ముడైన శతకేతు మహారాజు ఏలుతుండగా, ఆయన పట్టమహిషి, సాధ్వీమణి అయిన మందారికాదేవి బహుకాలం సంతు లేక పరితపించి, ఎన్నో నోములు నోచి, లేకలేక ఒక ఆడుబిడ్డను కన్నది. బిడ్డకు కువలయిని అని పేరు పెట్టిన నామకరణం నాడు తపోధనుడైన ఔర్వాయణ మహర్షి విచ్చేసి, శిశువు అరచేతిని చూసి ముఖం చిన్నబుచ్చుకొని, అంతఃపురపు తోటలో ఒక దానిమ్మ మొక్క నాటి, "అమ్మా, ఈ బిడ్డకు పన్నెండేళ్లే ఆయువు. ఆలోగా ఈ చెట్టు తొలిపువ్వు ఆమె కొప్పున నిలిస్తే నిండు నూరేళ్లు బ్రతుకుతుంది" అని చెప్పి హిమవంతానికి వెళ్లిపోయాడు.

ఆనాటినుండి ఆ తల్లికి కంటిమీద కునుకు లేదు. చెట్టుకు పాలు పోయించింది, ధూపం పట్టించింది. అది ఏపుగా, చూడముచ్చటగా పెరిగింది గాని పూయలేదు. కువలయిని తుమ్మితే భయం, దగ్గితే భయం, నవ్వితే ఎవరి కన్ను పడుతుందోనని మరింత భయం. అందుకని ప్రతి ఉదయం స్వహస్తాలతో ఆ చెట్టు కొనచిగుళ్లు తుంచి, బిడ్డ చుట్టూ ముమ్మారు తిప్పి దిష్టి తీసి నిప్పుల్లో వేసేది. ప్రాణం ఏ చెట్టుతో ముడిపడిందో ఆ చెట్టు చిగురే ప్రాణాన్ని కాస్తుందని ఆమె నమ్మకం.

"అమ్మా, నీ దిష్టిపొగకు దోమలే నా దగ్గరికి రావడం మానేశాయి. ఇక యముడేం వస్తాడు?" అని కువలయిని నవ్వేది.

"ఆ పేరెత్తకు తల్లీ" అని రాణి మరో చిగురు తుంచేది.

గడువు మూడు రోజులుండగా మహర్షి తిరిగివచ్చి, చెట్టును కలయజూసి నివ్వెరపోయాడు.

"రాణీ, తోటలోకి మేకలు వస్తున్నాయా?"

"చీమను కూడా రానివ్వను స్వామీ."

"మరి ప్రతి కొమ్మా కొసన కొరికినట్టున్నదేమి?"

"నేనే తుంచుతాను. దిష్టికి."

మహాముని ఆమె దిష్టిపళ్లెంలోని చిగురు తీసుకొని గోటితో విప్పాడు. లోపల కందిగింజంత ఎర్రని మొగ్గ.

"ఈ చెట్టు కొసల్లోనే పూస్తుంది తల్లీ."

మందారికాదేవి చేతిలోని పళ్లెం జారిపోయింది. పన్నెండేళ్ల ఉదయాలూ ఒక్కసారిగా కళ్లముందు నిలిచి, బిడ్డ ఆయువును తానే రోజుకింత చొప్పున నిప్పుల్లో వేసిందని తెలిసి, చెట్టు మొదట కూలబడింది.

ఆ శోకానికి కరిగి, పల్లవాంబరధారిణి అయిన వనదేవత ప్రత్యక్షమై "వరమడుగు" అన్నది.

"నా భయం తీసెయ్యి తల్లీ. నా చేతులు దాని మాటే వింటున్నాయి."

"తల్లి భయం తీయడం నా వశం కాదు. మూడు ఉదయాలు నీ చేతులు కట్టుకో. చెట్టుకు మూడు మాసాల ఎదుగుదల నేనిస్తాను."

మొదటి ఉదయం ఎలాగో గడిచింది. రెండవనాడు కువలయినికి ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది. దాసీలు "దిష్టి తీయకుండా చూస్తూ కూర్చున్నారేమమ్మా, మీది తల్లి మనసేనా?" అని నిలదీశారు. రాణి కొంగుతో తన రెండు చేతులూ స్తంభానికి కట్టించుకొని కూర్చున్నది. ఏ వ్రతంలోనూ ఆమె అంత కష్టపడలేదు.

మూడవ ఉదయం కొనకొమ్మన అగ్నిశిఖవంటి పువ్వు విచ్చుకున్నది. మహర్షి దానిని కోసి కువలయిని కొప్పున తురుమగా జ్వరం దిగి, ఆ బాలిక లేచి కూర్చుని "ఆకలి" అన్నది. కట్టు విప్పమని అడగడం కూడా మరచి, రాణి ఆ మాటే మళ్లీ చెప్పమన్నది.

కువలయిని నూరేళ్లు జీవించింది. ఆ దేశాన నాటినుండి దిష్టికి ఉప్పూ ఆవాలే గాని పచ్చని చిగురు తుంచరు. ఈ వృత్తాంతం భక్తితో విన్న తల్లులకు భయం పోదు గాని, బిడ్డలమీద చెయ్యి వేసేముందు ఒక్క క్షణం ఆగే శక్తి కలుగుతుంది.