చిలుము తోమిన అసిరమ్మ

అనగనగా అనే కాలం ఒకటుంది చూశారూ, దానికి కాస్త ఈ పక్కన, బోట్లకి కొత్తగా కరెంటు దీపాలు పెట్టిన రోజులవి. ఏ ఏడాదని మాత్రం అడక్కండి. నాకు చెప్పిన మా మామ్మకే తెలీదు, నాకేం తెలుస్తుంది? ఊ కొడుతూ వినండి.

ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట ఒక రేవు ఉండేది. ఆ రేవులో అసిరమ్మ అని ఒకావిడ. బోట్ల మీద వంటపాత్రలు తోమడం ఆవిడ పని. రాగి డేగిసాలు, ఇత్తడి గిన్నెలు ఒడ్డుకి దించితే, చింతపండు పెట్టి రుద్ది, మొహం చూసుకునేలా చేసి ఇచ్చేది. అన్ని బోట్ల గిన్నెలూ తోమింది గానీ ఒక్క బోటు కూడా ఎక్కలేదు. ఆడది బోటెక్కకూడదని ఆ రేవు కట్టుబాటు. ఎవరు పెట్టారో, వాళ్ళ గిన్నెలు ఎవరు తోమారో!

అసిరమ్మకి ఒక్కడే కొడుకు, గురువులు. తెప్ప మీద వేటకి వెళ్ళేవాడు.

ఒకరోజు మూడు తెప్పలు వేటకి వెళ్ళాయి. వాటిలో ఒకదాని మీద గురువులు ఉన్నాడు. భోజనాల వేళకి ఆకాశం నల్లబడింది. గాలి తిరిగింది. వాన కమ్మేసి ఎదుటి మనిషి కనబడ్డం మానేశాడు. ఒడ్డు ఎటో తెలియకపోతే తెప్పలు లోపలికి కొట్టుకుపోతాయి, ఇక రావు. రేవు మొత్తానికి పెద్ద దీపమున్న బోటు ఒక్కటే, దాన్ని నడిపే సరంగు దానయ్యది. అది దీపం వేసుకుని ఎదురెళ్తేనే వాళ్ళకి దారి.

దానయ్య ఇంజను వేసి స్విచ్చి నొక్కాడు. దీపం ఎర్రగా వెలిగి, మూలిగి, సొమ్మసిల్లింది.

మిస్త్రీ కామేసుని పిలిచారు. పట్నంలో పని నేర్చుకున్నవాడు. ఆ సంగతి అడగనివాళ్ళకి కూడా చెప్పేవాడు. "బల్బు పోయింది" అని బల్బు మార్చాడు. దీపం ఎర్రగా వెలిగి, మూలిగి, సొమ్మసిల్లింది. "కాదు, బేటరీ పోయింది" అని కొత్త బేటరీ పెట్టాడు. దీపం ఎర్రగా వెలిగి, మూలిగి, సొమ్మసిల్లింది. "అయితే డైనమోయే" అని పక్క బోటు డైనమో తెచ్చి బిగించాడు. ఏమైందంటారు? ఎర్రగా వెలిగి, మూలిగి, సొమ్మసిల్లింది.

"దానయ్యా, నన్నోపాలి సూడనీ" అంది అసిరమ్మ గట్టు మీంచి.

"వద్దప్పా. ఆడోళ్ళు బోటెక్కితే గంగమ్మకి కోపమొస్తాది."

"గంగమ్మేటి, మగోడా?"

అంటూనే ఆవిడ ఎక్కేసింది.

"దీపం ఏసే ఉంచండి" అని, బేటరీ దగ్గర మొదలుపెట్టి, తీగ వెంట చేతి వెనకవైపు ఆనించుకుంటూ వెళ్ళింది, జ్వరమొచ్చిన బిడ్డ ఒళ్ళు చూసినట్టు. చల్లగా ఉంది. ఇంకాస్త ముందుకి వెళ్ళింది. చల్లగానే ఉంది. వంటగది వెనక ఉప్పునీళ్ళు కారేచోట తీగకి ఒక అతుకుంది. అక్కడ చెయ్యి చురుక్కుమంది.

"జొరం ఇక్కడుంది" అంది.

"బేటరీ నిండుగా ఉందమ్మా, మీటరు చెప్తోంది" అన్నాడు కామేసు.

"బిందె నిండుగానే ఉంది నాయినా. మూతి పూడిపోనాది."

కామేసు బేటరీ తప్పించి, అతుకు విప్పాడు. లోపల చిలుము. పచ్చగా, మందంగా, నలభై ఏళ్ళుగా ఆవిడ గిన్నెల మీద రోజూ చూస్తున్న చిలుమే! అసిరమ్మ వంటగదిలోంచి చింతపండు అందుకుంది. రుద్దింది. మంచినీళ్ళతో కడిగింది. పైటచెంగుతో తడి లేకుండా తుడిచింది. రాగి నిగనిగలాడింది.

కానీ అతుకుని పట్టి ఉంచే తుప్పుపట్టిన బోల్టు విప్పేటప్పుడే విరిగిపోయింది. బేటరీ మళ్ళీ తగిలించి, తీగ కొసలు తాడుతో కట్టి చూశారు. బోటు ఊగేసరికి సడలిపోయింది. అప్పుడు అసిరమ్మ ఆ రెండు కొసలూ కలిపి కుడిచేతి పిడికిట్లో బిగించింది.

దీపం తెల్లగా, భగ్గున వెలిగింది. గట్టు మీదున్నవాళ్ళు చేతులు అడ్డం పెట్టుకున్నారు. అంత వెలుగు ఆ రేవు ఎన్నడూ చూడలేదు.

"బేటరీ కరెంటు చంపదు గానీ కాలుస్తుందమ్మా" అన్నాడు కామేసు భయంగా.

"నానొగ్గేస్తే ఆరిపోద్ది. బోటు పోనీ, దానయ్యా" అంది.

బోటు సముద్రంలోకి వెళ్ళింది. వెలుగు చూసి ఒక తెప్ప వచ్చింది. "ఎవురు?" అని అడిగింది అసిరమ్మ లోపల్నించి. "గురువులు కాదప్పా" అన్నారు. చెయ్యి వేడెక్కింది. రెండో తెప్ప వచ్చింది. "ఎవురు?" "గురువులు కాదప్పా." చెయ్యి బొబ్బలెక్కింది. మూడో తెప్ప ఎంతకీ రాలేదు. అలలు బోటుని ఎత్తి కుదేస్తున్నాయి.

"అప్పా, తిరిగిపోదామా?" అని దానయ్య ఏడుస్తూ అడిగాడు.

"దీపముందా?"

"ఉంది."

"మరైతే ఉండు."

మూడో తెప్ప వచ్చింది. గురువులు బోటెక్కి, "అమ్మా" అంటూ వచ్చి ముందు నిలబడ్డాడు. ఏ తల్లి చెయ్యి చాపదు చెప్పండి? అసిరమ్మ చాపలేదు. "ఒడ్డుకెళ్ళాక, నాయినా" అంది.

ఒడ్డుకి చేరాక ఆ పిడికిలి విప్పడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు. అరచేతి తోలు తీగతోపాటే వచ్చేసింది. అసిరమ్మ మాత్రం ఎడమచేత్తో కొడుకు తల తుడిచి, ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కూడా గిన్నెలే తోముకుంది, ఎడమచేత్తో. ఆవిడ పోయిన రోజున, పట్టపగలు, రేవులో ఉన్న ప్రతి బోటూ దీపం వేసుకుని నిలబడింది. వేయమని ఎవరూ చెప్పలేదు.

ఇప్పటికీ అక్కడ బోటు కదిలేముందు దీపం వేసి, బోట్లో పనిచేసే కళాసీ ఒకడు బేటరీ దగ్గర్నుంచి దీపందాకా తీగ మీద చేతి వెనకవైపు ఆనించి చూసుకుంటూ వస్తాడు. ఆడది బోటెక్కకూడదన్న కట్టుబాటు ఇంకా పోలేదు, తలుచుకుంటే నాకు ఒళ్ళుమంట. అయినా ఇంజను వేసేముందు ఆ రేవులో ఏ సరంగైనా గొంతెత్తి అడిగే మాట ఒక్కటే.

"అసిరమ్మ ఎక్కిందా?"

"ఎక్కింది" అని తీగ చూసిన కళాసీ జవాబిస్తేనే బోటు కదులుతుంది.