ఐదో పేరు

ఓబులేశుకు మూడోసారి కూడా ఫెలోషిప్పు రాలేదు. ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన అతని కాగితాలు రెండు వేళ్లతో తిప్పి, "ఈ వీరగల్లుల వల్ల ఎవరికేమయ్యా ఉపయోగం?" అని అడిగాడు. ఊళ్ల పొలిమేరల్లో, పోరులో చచ్చిపోయిన వాళ్ల కోసం నాటిన రాళ్లవి. వాటి మీది రాతలు చదవడమే ఓబులేశు పరిశోధన. ఉపయోగం ఏమిటో ఆ క్షణాన అతనికి తోచలేదు. బస్టాండు దాకా నడిచినా తోచలేదు.

ఇక మిగిలింది టీచింగ్ అసిస్టెంటు పని. సాయంత్రం పూట శాసన లిపి డిప్లొమా క్లాసు చెప్పాలి. ఆ పని ఉంటేనే హాస్టల్లో గది. గది ఉంటేనే థీసిస్. ఇంకొక్క ఏడాది గడిస్తే అది పూర్తవుతుంది. కానీ ఐదుగురు చేరకపోతే కోర్సు నడపకూడదని యూనివర్సిటీ నియమం. ఇద్దరు బస్ పాస్ కోసం చేరారు, ఒకడు హాస్టల్ వదలడం ఇష్టం లేక చేరాడు, ఒకమ్మాయి ఇంట్లో పెళ్లి గోల తప్పించుకోవడానికి చేరింది. అక్కడితో ఆగిపోయింది. సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీల నంబర్లు రాసుకునే ఉద్యోగం ఉందని బావ అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు.

ఓబులేశు దస్తగిరి సార్ ఇంటికి వెళ్లాడు. ముప్పై నాలుగేళ్లు ఆ క్లాసు చెప్పి, ఆ వేసవిలోనే రిటైరైన మనిషి. భార్య పోయాక ఒక్కరే ఉంటున్నారు. వసారాలో కూర్చుని పాత గొడుగుకు కుట్టు వేసుకుంటున్నారు.

"రిజిస్ట్రారుకు ఒక ఉత్తరం రాయండి సార్. మీ మాట తీసేయరు."

సార్ దారం కొరికారు. "అప్లికేషన్లకు ఆఖరు దినం ఎప్పుడప్పా?"

"రేపే సార్."

"ఆఫీసు ఎన్ని గంటల దాకా ఉంటాది?"

"ఐదు దాకా."

"సరే, పోయిరా."

అంతే. ఉత్తరం లేదు, ఓదార్పు లేదు. ముసలాయనకు గొడుగు మీదున్న ధ్యాస నా మీద లేకపాయె అనుకుంటూ ఓబులేశు తిరిగొచ్చాడు. దారిలో అతనికి ఏడుపొచ్చింది కూడా.

మర్నాడు సాయంత్రం గుమాస్తా పిలిచి ఐదో అప్లికేషన్ చేతిలో పెట్టాడు. "వయసు అడ్డం లేదు, డిగ్రీ ఉంటే చాలన్నాను. జిరాక్సు ఇచ్చిపోయినాడు," అన్నాడు. ఫొటో అంటించిన చోట దస్తగిరి సార్ ముఖం ఉంది.

మొదటిరోజు ఓబులేశు క్లాసులోకి వెళ్లేసరికి ఆఖరి బెంచీలో సార్ లేచి నిలబడ్డారు. ఓబులేశు బోర్డు వైపు తిరిగే పాఠమంతా చెప్పాడు. క్లాసయ్యాక వెంటపడి, "మీరు కూర్చుంటే నేను చెప్పలేను సార్," అన్నాడు.

"నేను చెప్పినన్నాళ్లు నువ్వు కూర్చోలేదా?" అన్నారాయన.

క్లాసులో మాత్రం ఓబులేశును "సార్" అనేవారు, "మీరు" అనేవారు. ఇచ్చిన ఇంటిపని చేసుకొచ్చేవారు. అక్షరం కింద అక్షరం దిద్ది, అందరితోపాటు నోటుబుక్కు బల్ల మీద పెట్టేవారు. దాన్ని దిద్దాల్సి వచ్చినప్పుడల్లా ఓబులేశుకు సిగ్గుతో చచ్చినంత పనయ్యేది.

నవంబరుకల్లా బస్ పాస్‌లు చేతికొచ్చాయి, ఆ ఇద్దరూ మాయమయ్యారు. హాస్టల్ కుర్రాడు పోటీ పరీక్షల్లో పడ్డాడు. అమ్మాయికి సంబంధం కుదిరింది. క్లాసు జరిగే మేడమీది గదిలో సాయంత్రం ఐదు గంటలకు ఒక ఫ్యాను, రెండు ట్యూబులైట్లు, ఇద్దరు మనుషులు. శాఖను మొదలుపెట్టిన కొండమాచార్యుల వారు గోడ మీద, దండ ఎండిపోయిన ఫొటోలోంచి చూస్తూ ఉండేవారు. ఆయన దగ్గరే దస్తగిరి సార్ చదువుకున్నారట.

ఒకరోజు వాన. వరండాలో అడుగుల చప్పుడైతే ఇంకెవరైనా వచ్చారేమోనని ఓబులేశు తల బయటపెట్టి చూశాడు. కుట్టేసిన గొడుగు మడుస్తూ సార్.

ఆ గొడుగు చూడగానే ఓబులేశుకు కోపమో దుఃఖమో తన్నుకొచ్చింది.

"ఎవరి కోసం సార్ ఇదంతా? మీరు నేర్పిందే మీకు చెప్తాండా. నేను ఈ రాళ్లు చదివితే ఎంత, చదవకపోతే ఎంత? నేను పోతే తలుపేసుకుంటారు, అంతే కదా. రేపు రాజీనామా కాగితం ఇచ్చి మా బావ దగ్గరికి పోతా."

సార్ తన బెంచీలో కూర్చుని అద్దాలు తుడుచుకున్నారు.

"పోదురులే సార్. పోయే ముందర బీరువా కింది అరలో ఎర్రట్ట రిజిస్టరు ఉండాది, ఒకసారి తీయండి."

ఓబులేశు తీశాడు. దుమ్ము దులిపి తెరిచాడు. ముప్పై నాలుగేళ్ల కిందటి హాజరు పట్టీ. కుర్రతనంలోని దస్తగిరి సార్ చేతిరాత, అప్పటికే గుండ్రంగా ఉంది. వచ్చినవాళ్లకు గీత, రానివాళ్లకు సున్నా. మొత్తం ఐదు పేర్లు.

ఐదో పేరు కొండమాచార్యులు.

ఓబులేశు గోడ వైపు చూశాడు. మళ్లీ పట్టీ వైపు చూశాడు. నలుగురి వరసల్లో నెల తిరక్కుండానే సున్నాలు మొదలయ్యాయి. ఐదో వరసలో ఒక్క సున్నా లేదు. జులై, ఆగస్టు, దసరా సెలవులు దాటి, ఫిబ్రవరి తొమ్మిది దాకా గీతలే.

పదో తేదీ నుంచి ఆ వరసలో గీత లేదు. సున్నా కూడా లేదు. ఏప్రిల్ ఆఖరు దాకా, క్లాసు జరిగిన ప్రతి రోజూ గడిలో పెన్ను ఆనించి తీసేసినట్టు ఒక్కో సిరా చుక్క ఉంది.

వాన కిటికీ రెక్కను కొడుతోంది. ఓబులేశు తలెత్తి, గోడమీది ఫొటో కింద రాసిన మరణ తేదీ చదివాడు: ఫిబ్రవరి తొమ్మిది.

"హాజరు తీసుకోలేదు సార్," అన్నారు వెనక బెంచీలోంచి దస్తగిరి సార్.

ఓబులేశు ఎర్రట్ట రిజిస్టరు మూసి పక్కన పెట్టాడు. తన రిజిస్టరు తెరిచాడు. ఒకటి పిలిచాడు. రెండు పిలిచాడు. మూడు, నాలుగు పిలిచి ఆగాడు.

"ఐదు."

"వచ్చినాను సార్."

ఓబులేశు పెన్ను గట్టిగా ఒత్తి ఆ గడిలో గీత పెట్టాడు.