వంటింటి మీద పెంకు

చెంచమ్మగారి దగ్గరికి సందేహం పట్టుకుని వెళ్ళినవాడు ఊరికే కూర్చుని తిరిగి రావడం నేనెన్నడూ చూడలేదు. మేమంతా ఆవిణ్ణి అమ్మ అనే పిలిచేవాళ్ళం. అడిగినదంతా శ్రద్ధగా వినేది. విన్నాక నులక మంచం బిగించమనో, ఆనపపాదుకి పందిరి వెయ్యమనో ఏదో ఒక పని చెప్పేది. కొందరు పనిలో పడి ప్రశ్న మర్చిపోయేవారు. ఇంకొందరు, వేదాంతం అడిగితే వెట్టి చేయించుకుంటోందని గొణుక్కుంటూ వెళ్ళి, మళ్ళీ మొహం చూపించేవారు కాదు. అందరినీ ఆవిడ ఒకేలా, మజ్జిగ ఇచ్చి పంపేది.

ఆవిడ కట్టింది కాషాయం కాదు, పట్టింది జపమాలా కాదు. భర్త బతికున్న రోజుల్లో కృష్ణ ఒడ్డున పెంకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆ పెంకులతోనే కప్పుకున్న రెండు గదుల ఇల్లు, వెనక వంటిల్లు, గోడవారగా పేర్చిన మిగులు పెంకులు కొన్ని. అదే మా ఆశ్రమం.

తొలకరి రెండు వానలు పడ్డాక ఒకనాటి మధ్యాహ్నం పానకాలు మాష్టారు వచ్చారు. ముప్ఫయ్యేళ్ళు లెక్కలు చెప్పి, పిల్లల్నే కాక వాళ్ళ తల్లిదండ్రుల్ని కూడా దారిలో పెట్టి రిటైరైన మనిషి. దారి తప్పినవాడు కంటబడితే ఆయనకి అన్నం సయించదు. ఆ రోజు మాత్రం అరుగు మీద కూర్చుని చాలాసేపు కండువా అంచు నలుపుతూ ఉండిపోయారు.

“తప్పు చేసినవాణ్ణి తప్పు చేశావని అనడం పాపమా అమ్మా?” అని అడిగారు చివరికి.

సంగతి ఇది. నిరుడు తండ్రి తద్దినానికి ఆయన తమ్ముడు ఏడుకొండలు తాగి వచ్చాడు. గొడవేం చెయ్యలేదు, వచ్చి బంతిలో కూర్చున్నాడు. మాష్టారు వడ్డన ఆపించి, నలభై మంది చూస్తుండగా తమ్ముణ్ణి విస్తరి ముందు నుంచి లేపేశారు. తండ్రి పేరు నిలబెట్టలేనివాడు తండ్రి పేరున అన్నం తినక్కర్లేదన్నారు. ఏడుకొండలు చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మళ్ళీ అన్న గడప తొక్కలేదు. ఎల్లుండి మళ్ళీ తద్దినం. తండ్రికి తానూ కొడుకునేననీ, ఈసారి తన ఇంట్లో వేరుగా పెట్టుకుంటాననీ పొద్దున్నే కబురు పంపాడు.

“ఒకసారి వేరుగా పెట్టుకున్నాడంటే ఇంక మేం ఒకచోట కలిసేది లేదమ్మా. ఉన్నది ఒక్క తమ్ముడు. అయినా నేనన్నదాంట్లో ఒక్క మాట అబద్ధముందా?” అన్నారు మాష్టారు.

“లేదు నాయనా,” అంది అమ్మ. “వంటింట్లో పొయ్యి పక్కన కురుస్తోంది. కోతి దూకి ఒక పెంకు పగలగొట్టింది. మళ్ళీ వాన వచ్చేలా ఉంది, కాస్త మారుస్తావా?”

మాష్టారు నా వంక చూసి నిచ్చెన ఎక్కడుందని అడిగారు. తెచ్చి చూరుకి ఆనించి పట్టుకున్నాను. కండువా నడుముకి చుట్టి, చేతిలో కొత్త పెంకుతో ఎక్కారు. చూరు నుంచి నాలుగో వరసలో ఉంది పగిలిన పెంకు. మాష్టారు తిన్నగా దాని దగ్గరికే నడిచారు. అడుగు వేసినప్పుడల్లా పటుక్కుమని వినిపిస్తూనే ఉంది. ఏమిటది అని కిందినుంచి కేకేశాను. పాత పెంకులు, అలాగే అంటాయన్నారు. పని పది నిమిషాల్లో ముగించి దిగి, దులపడానికేమీ లేకపోయినా చేతులు దులుపుకున్నారు.

అమ్మ మమ్మల్ని వంటింట్లోకి పిలిచింది. పొయ్యి పక్కన వెలుతురు పడే చోటు చీకటిగా ఉంది. కానీ గుమ్మం నుంచి అక్కడిదాకా నేల మీద ఎండ ముక్కలు వరసగా పరుచుకున్నాయి. లెక్కల మాష్టారు కదా, ఆయన వేలితో చూపిస్తూ లెక్కపెట్టారు. ఆరు.

“నువ్వు వేసిన పెంకు బాగా కుదిరింది,” అంది అమ్మ.

మాష్టారి మొహం ఎర్రబడింది. “పైకెక్కకూడదని ముందే చెప్పొచ్చు కదమ్మా?”

“నువ్వు నిచ్చెన అడిగావు. దారి అడగలేదుగా.”

పడమట మబ్బు పట్టింది. అమ్మ నిచ్చెన లోపలికి తెమ్మంది. మాష్టారు ఈసారి దూలం కింద, పొయ్యికి ఎడంగా ఎక్కారు. పై వరస పెంకుని అరచేత్తో రవ్వంత ఎత్తి పట్టుకో, పగిలినదాన్ని కిందికి జార్చు, కొత్తదాన్ని సందులోంచి పక్కవాటంగా పైకి పంపి దాని కొక్కెం చెక్కబద్దకి తగిలించు, అంటూ అమ్మ కిందినుంచి చెబుతోంది. చెప్పినంత సులువుగా లేదది. పెంకు కదిపినప్పుడల్లా నలభయ్యేళ్ళ పొయ్యి మసి, బూజు, బల్లి గుడ్ల పెంకులు అన్నీ ఆయన మొహం మీదే రాలేవి. కళ్ళు మూసుకుంటే పని కనపడదు, తెరిస్తే మసి పడుతుంది. నేను కింద నుంచి పెంకులు అందిస్తూ, తలపాగా చుట్టుకోమన్నాను. ఆయన వినిపించుకోలేదు. మొదటి రెండు పెంకులకీ కోతిని తిట్టారు, మూడోదానికి ఫ్యాక్టరీని తిట్టారు. నాలుగోదాని నుంచి మాట్లాడ్డం మానేశారు. ఆరోది తగిలించాక దిగకుండా దాని మీద చెయ్యి అలాగే ఆనించి కాసేపు నిలబడ్డారు. కన్నీళ్ళు మసిలో చారలు కట్టాయి. కంట్లో నలక పడిందేమో అనుకుందామనుకున్నాను. అది నలక కాదని ముగ్గురికీ తెలుసు.

దిగి వచ్చి, “పైన నడిచినంతసేపూ నా చొక్కాకి మరకంటలేదమ్మా,” అన్నారు నెమ్మదిగా.

అమ్మ చీపురు తీసుకుని రాలిన మసి ఊడ్చింది. బయట చినుకులు మొదలయ్యాయి. మేము ముగ్గురం కప్పు వంక చూస్తూ నిలబడ్డాం. ఒక్క చుక్క కూడా లోపలికి రాలేదు.

“నేనిప్పుడు వాడింటికి వెళ్ళి ఏమని చెప్పాలమ్మా?” అని అడిగారు మాష్టారు. ఆ అడగడంలో మాష్టరీకం లేదు. తోచనివాడు అడిగినట్టే అడిగారు.

వాన తెరిపిచ్చింది. ఈ మొహంతో వీధిలోకి ఎలా వెళ్తానంటూ ఆయన తొట్టి దగ్గరికి నడిచారు. నేను బకెట్టు ముంచి చెంబు అందించబోయాను. అమ్మ వచ్చి నా చేతిలోంచి చెంబు తీసేసుకుంది.

“ఇక్కడొద్దు నాయనా, ఇలాగే వెళ్ళు. ఆ నీళ్ళేవో ఏడుకొండల్ని పొయ్యమను.”