మూడు పీఠాలు, ఒక పనస చెట్టు

తూర్పు సముద్రం ఒడ్డున ఒకానొక రాజ్యంలో చిత్రభాను మహారాజని ఒకాయన ఉండేవాడు. ఆయనకు ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి, మంచి ఓడరేవుంది, తెల్లవారకముందే వచ్చి పొగిడే వందిమాగధులున్నారు. లేనిదల్లా కడుపులో చల్లదనం. ఎవరు ఎవరిని మెచ్చుకున్నా ఆయన కడుపు భగ్గుమనేది.

ఊళ్లో పెళ్లి జరిగితే పెళ్లికొడుకుని చూసి ఏడ్చేవాడు. ఎవరైనా పోతే ఆ శవాన్ని చూసి ఏడ్చేవాడు. "చచ్చినవాడి వెంట ఇంతమందా!" అని మేడ మీద నిలబడి తలలు లెక్కపెట్టేవాడట. ఆయన కొడుకు యువరాజు మాత్రం మెతక మనిషి. ఎవరేమన్నా సరేననేవాడు, ఎవరి బాగూ చూసి కుళ్లుకునేవాడు కాదు. ఆ నిబ్బరం తనకు లేదే అని రాజుగారికి కన్నకొడుకు మీద కూడా కాస్త అసూయే.

అటువంటి కొలువులోకి ఒకనాడు కన్నయ సెట్టి వచ్చాడు. సన్నబట్టలు ఓడకెత్తి దేశదేశాలు తిరిగే వర్తకుడు. ఈసారి అమెరికా అనే దేశం దాకా వెళ్లి, చాలాకాలానికి తిరిగొచ్చాడు.

"ఆ దేశపు రాజు పేరేమిటి సెట్టీ?" అని అడిగాడు చిత్రభానుడు.

"రాజు లేడు మహాప్రభో."

"అయ్యో, పోయాడా?"

"వద్దనుకున్నారండి. జనం తరఫున పెద్దలు కూర్చుని ఒక కాగితం రాసుకున్నారు. 'ప్రజలమైన మేము' అని మొదలవుతుందండి అది. అధికారాన్ని మూడు ముక్కలు చేశారు. చట్టం చేసేవాళ్లు వేరు, దాన్ని నడిపించే అధ్యక్షుడు వేరు, తప్పొప్పులు తేల్చే న్యాయమూర్తులు వేరు. ఒకరు గీత దాటితే ఇంకొకరు అడ్డం పడతారు."

రాజుగారు పకపకా నవ్వాడు. "కాళ్లూ చేతులూ కట్టేసిన పాలకుణ్ణి ఎవడు గౌరవిస్తాడయ్యా?"

"అదేనండి వింత. వాళ్ల మొట్టమొదటి అధ్యక్షుడు రెండు విడతలు పాలించి, ఇక చాలని తనంతట తానే గద్దె దిగి పొలానికి వెళ్లిపోయాడట. ఆయన పేరెత్తితే ఇప్పటికీ జనం చేతులెత్తి మొక్కినంత పని చేస్తారు."

రాజుగారి నవ్వు ఆగిపోయింది. గద్దె మీద కూర్చున్న తనకే, జీతాలిచ్చి పొగిడించుకుంటే తప్ప పొగడ్త దొరకడం లేదు. దిగిపోయినవాడికి ఊరికే దొరుకుతోందా! సముద్రాల అవతల ఎప్పుడో పొలం దున్నుకున్న ఆ మనిషి మీద ఆయనకు పట్టరాని ఓర్వలేనితనం పుట్టింది.

సెట్టికి అది అర్థం కాలేదు. పుండు మీద కారం చల్లాడు. "ఇన్ని దేశాలు తిరిగాను గానీ మహాప్రభో, మొన్న రేవులో దిగగానే చేపలమ్మే నూకాలమ్మ పెట్టిన పనస తొనల రుచి మాత్రం ఎక్కడా చూడలేదు. తమ తోటలో కూడా..." అని నాలుక కరుచుకున్నాడు.

రాజతోటలో పనస చెట్టు ఒకటుంది. దాని పండు నిండా పీచే. కొలువులో అందరూ దాన్ని నములుతూ అమృతమనేవారు, ఇంటికెళ్లి పళ్లు కుట్టుకునేవారు.

రాజుగారు సింహాసనం మీద నుంచి లేచాడు. "మేము కూడా అధికారాన్ని మూడు ముక్కలు చేస్తాం! అక్కడ అంతమంది చేసే పని ఇక్కడ మేమొక్కరమే చేస్తాం. అప్పుడు ఆ గద్దె దిగినవాడికంటే మూడింతల కీర్తి మాదే. మా మొదటి చట్టం కూడా వినండి. రాజతోట పనసకన్నా తియ్యని పనస ఈ రాజ్యంలో ఉండరాదు. ఉంటే చెట్టు మొదలంటా నరికించేస్తాం!"

అందరూ తలలూపారు. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లని అందరికీ తెలుసు. కొలువులో మాటకారి మల్లుభొట్లు మాత్రం లేచి దండం పెట్టాడు.

"చిత్తం మహారాజా. ఏర్పాట్లు నాకు వదిలేయండి. అయితే సెట్టిగారు చెప్పిన పద్ధతి పద్ధతిలా జరగాలి. పిసరంత తేడా వచ్చినా రేపు ఎవడో 'ఆ దేశం వాళ్లదే నయం' అంటాడు."

"అననివ్వను! పిసరు కూడా తేడా రాకూడదు," అన్నాడు రాజు. పౌరుషం కొద్దీ అన్నమాటే గానీ, ఆ మాటతోనే మల్లుభొట్లు చేతికి చిక్కాడు.

మర్నాటికల్లా సభలో మూడు పీఠాలు వెలిశాయి. చట్టం చేయడానికి దంతపు పీఠం, పాలించడానికి సింహాసనం, తీర్పు చెప్పడానికి ఒక టేకు పీట. ఒక్కోదాని మీద ఒక్కో తలపాగా: తెల్లది, ఎర్రది, నీలిది. ఒక్కోదాని పక్కన పొగడడానికి ఒక్కో వంది.

"ఈ పీఠం మీద ఉన్నప్పుడు ఆ పీఠం పని చేయకూడదు మహారాజా," అన్నాడు మల్లుభొట్లు. "ఎవరైనా ఫిర్యాదు చేస్తే, నీలిపాగా వారు తేల్చేదాకా గొడ్డలి ఎత్తకూడదు. ఎవరి వంది వారినే పొగుడుతాడు. అంతేగా సెట్టిగారూ?"

"ఇంచుమించు అంతేనండి," అన్నాడు సెట్టి బెదురుతూ.

రాజుగారు తెల్లపాగా పెట్టుకుని దంతపు పీఠమెక్కి పనస చట్టం చదివాడు. మొదటి వంది గొంతెత్తాడు. "శాసనకర్తా, నీకు జయము! నీ నోట వచ్చిన మాటే చట్టం! తక్కిన ఇద్దరూ నీ ముందు దిగదుడుపు!"

రాజుగారికి ఒళ్లు పులకరించింది. ఆ ఊపులోనే ఎర్రపాగా మార్చుకుని సింహాసనమెక్కాడు.

"శాసనకర్త గారి ఆజ్ఞ మహారాజా," అన్నాడు మల్లుభొట్లు వినయంగా. "చెట్టు నరికించమన్నారు. తమరు కాదనడానికి లేదు."

"నన్ను ఆజ్ఞాపించడానికి వాడెవడు?"

"ఇందాక దంతపు పీఠం మీద కూర్చున్నవారండి."

రాజుగారు పక్కకు తిరిగి చూశాడు. ఖాళీ పీఠం మీద తెల్లపాగా దర్జాగా కూర్చుని ఉంది. నేను వాడి బంటునా అనుకున్నాడు. అయినా చట్టం చట్టమే కదా అని భటులను పంపాడు. వాళ్లు నూకాలమ్మ దొడ్డి తడిక తోసుకుని లోపలికి దూరి, పనస మానుకు ఒక గొడ్డలి వేటు కూడా వేశారు. ఇంతలో ఆవిడ చెట్టును కౌగిలించుకుని లబోదిబోమంది. "నానొప్పుకోను! నాయం జరగాల!" ఫిర్యాదు వచ్చింది గనక గొడ్డలి ఆగింది. రేపు నీలిపాగా సరేనంటే మాత్రం చెట్టు నేలకూలినట్టే.

ఆ పూట భోజనాల దగ్గర మహారాణి విసనకర్రతో విసురుతూ, "ఆ చట్టం చేసినాయన భలేవాడటండీ. అంతఃపురంలో అందరూ ఆయన మాటే," అంది.

"మరి నేను?" అన్నాడు రాజు. ఆయన తలమీద ఇంకా ఎర్రపాగానే ఉంది.

"మీరా? ఆయన చెప్పిన పని మీరు చేసి పెట్టారట కదా. పాపం, మారుమాట లేకుండా."

రాజుగారికి అన్నం దిగలేదు. తన భార్య తన ఎదుటే పరాయివాణ్ణి మెచ్చుకున్నట్టుంది. పరాయివాడైతే తల తీయించవచ్చు. ఇక్కడ తీయించాల్సిన తల ఏదో తెలియడం లేదు. తెల్లపాగా వాడి మీద పళ్లు నూరుకుంటూ పాన్పు మీద అటూ ఇటూ దొర్లాడు. తెల్లవారితే తీర్పు. అప్పుడు చెబుతాను వాడి సంగతి అనుకున్నాడు.

మర్నాడు సభ కిటకిటలాడింది. రాజుగారు నీలిపాగా పెట్టుకుని టేకు పీట మీద కూర్చున్నాడు. మూడో వంది మాత్రం నోరు మెదపలేదు.

"నీ నోరు పడిపోయిందా?"

"ఏమని పొగడమంటారు మహారాజా?" అన్నాడు వాడు చేతులు నలుపుకుంటూ. "చట్టం ఘనత తెల్లపాగా వారిది. దాన్ని నడిపించిన ఘనత ఎర్రపాగా వారిది. వారిద్దరూ చేసినదానికి తమరు తలూపుతారు, అంతేగా. తలూపినందుకు పద్యం కట్టడం నాకు చేతకావడం లేదు."

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజుగారి చెవులు ఎర్రబడ్డాయి. దంతపు పీఠం మీది తెల్లపాగా, సింహాసనం మీది ఎర్రపాగా రెండూ తనను చూసి గుసగుసలాడుకుంటున్నట్టు తోచింది. తలూపడానికా తనను ఈ చెక్కపీట మీద కూర్చోబెట్టింది!

"ఆ అమ్మిని పిలవండి," అని అరిచాడు.

నూకాలమ్మ వచ్చింది. తిన్నగా టేకు పీట ఎదుట నిలబడింది.

"నానేటి తప్పు సేసినాను బాబూ? ఆ సెట్టు మా అత్త నాటినాది. నా మొగుడు పోయినప్పుడు, సేపలు పడనప్పుడు, ఆ సెట్టే నాకూ పిల్లలకీ కూడు పెట్టినాది. దాని పండు కోసి సెట్టిగారికి పెట్టినాను. మీ సట్టం ఆ తరవాతొచ్చినాది. రేపొచ్చే సట్టం సెట్టుకెలాగ తెలుస్తాది? దానికి సెవులున్నాయేటి?"

జనం గొల్లుమన్నారు. రాజుగారు నవ్వలేదు. ఆయన కళ్లు తెల్లపాగా మీద ఉన్నాయి. చిక్కావురా అనుకున్నాడు.

"ఊళ్లో తక్కిన పనసలు ఎలా ఉంటాయి?" అని అడిగాడు.

"అన్నీ పీచే మహారాజా," అన్నాడు మల్లుభొట్లు.

"అయితే ఈ చట్టం తగిలేది ఈమె ఒక్కదానికే. పండు పండాక పుట్టిన చట్టం, ఒక్క ఇంటి మీదికే వచ్చిన చట్టం! ఇది చట్టమా, కడుపుమంటా? ఎవడు చేశాడిది?"

"తెల్లపాగా వారండి."

"వాడికి బుద్ధి లేదు! కొట్టేస్తున్నాను. మరి తీర్పు కాకముందే ఆడమనిషి దొడ్లోకి భటులను తోలిందెవడు?"

"ఎర్రపాగా వారండి."

"వాడికి సిగ్గు లేదు! గాటు పడిన చోట వాడే స్వయంగా వెళ్లి పేడా మట్టీ మెత్తాలి. చెట్టు ఈమెది. దాన్ని ముట్టుకునే హక్కు రాజుక్కూడా లేదు!"

 సభలో మిన్ను విరిగినట్టు చప్పట్లు మోగాయి. జీతం లేని చప్పట్లు. వీధిలో నిలబడ్డ జనం కూడా జేజేలు కొట్టారు. నూకాలమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. చిత్రభానుడు జీవితంలో మొదటిసారి కడుపులో చల్లగా ఉండడం ఎలా ఉంటుందో ఎరిగాడు. చెక్కపీట మీద వెన్ను నిటారుగా చేసి, తక్కిన రెండు పాగాల వైపు చూసి మీసం తిప్పాడు.

తిప్పుతున్న చెయ్యి సగంలో ఆగిపోయింది. బుద్ధి లేనిదెవరికి? సిగ్గు లేనిదెవరికి? సాయంత్రం పేడ పిసకాల్సిందెవరు?

"భొట్లూ!" అన్నాడు. ఆ గొంతు విని సెట్టి స్తంభం చాటుకు తప్పుకున్నాడు. "నా నోటితో నన్నే తిట్టించావు. మహారాణి చేత ఆ విసనకర్ర మాటలు చెప్పించింది కూడా నువ్వేనా?"

"నేనే మహారాజా. ఆ వందికి పద్యం మరిచిపొమ్మన్నది కూడా నేనే. కానీ తిట్టించింది నేను కాదు, తమ అసూయ."

"ఏమన్నావ్?"

"చిత్తగించండి. ఆ దేశం వాళ్లు అధికారం అప్పగించడానికి దేవుళ్ల కోసం వెతకలేదు. వెతికినా దొరకరని వాళ్లకు తెలుసు. మనుషులనే తీసుకుని, ఒకరి పెత్తనం చూసి ఒకరు ఓర్వలేని చోట కూర్చోబెట్టారు. ఒకడు చెయ్యి చాపితే ఇంకొకడికి కడుపు మండుతుంది. ఆ మంటే జనానికి కాపలా. మన రాజ్యంలో వానలు తప్పుతాయి, పంటలు తప్పుతాయి. తమ అసూయ మాత్రం ఏనాడూ తప్పలేదు. అంత నమ్మకమైన కాపలాదారు ఇంకెక్కడ దొరుకుతాడు?"

రాజుగారి ముఖంలో మొదట కోపం, తర్వాత ఆలోచన, ఆ తర్వాత ఎక్కడినుంచో నవ్వు వచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాడు. నీలిపాగా జారి ఒళ్లో పడింది. మెడలోని ముత్యాలహారం తీసి మల్లుభొట్లు మెడలో వేశాడు. ఆ సాయంత్రం భొట్లునూ సెట్టినీ వెంటబెట్టుకుని, అందరూ చూస్తుండగా రేవుకి నడిచి వెళ్లి, పనస మాను గాటుకి తన చేత్తో పేడా మట్టీ మెత్తాడు. నూకాలమ్మ ఆయనకు ఆకులో తొనలు పెట్టింది. రాజుగారు ఒకటి తిన్నాడు, రెండోది తిన్నాడు, మూడోదీ అడిగి పెట్టించుకున్నాడు.

చివరికి మెల్లగా అడిగాడు. "భొట్లూ, నా తర్వాత మావాడు కూర్చుంటే?"

మల్లుభొట్లు ఉత్తరీయం సర్దుకున్నాడు. "యువరాజావారు చాలా మంచివారు మహారాజా."

"అదే నా భయం. ఎవరేమన్నా సరేనంటాడు. తెల్లపాగాతో వాడు తప్పు చట్టం చేస్తే, ఎర్రపాగాతో సరేనంటాడు, నీలిపాగాతోనూ సరేనంటాడు. అప్పుడీ చెట్టు గతేమిటి?" రాజుగారు తొన గింజను వేళ్ల మధ్య తిప్పాడు. "నా తర్వాత మూడు పీఠాల మీదా ఒక్కడు కూర్చోకూడదు. ముగ్గురు కావాలి. ఒకరంటే ఒకరికి పడనివాళ్లై ఉండాలి. రేపే శాసనం చెక్కించు."

"మొదట ఎవరి పేరు చెక్కించమంటారు?"

రాజుగారు నోరు తెరిచాడు. చెట్టు కింద నిలబడ్డ నూకాలమ్మనూ, గోడ మీద కూర్చున్న జనాన్నీ చూశాడు. ఆయన నాలుక చివరకు ఒక పేరు వచ్చింది. బహుశా తన పేరే అయివుంటుంది. దాన్ని మింగేశాడు.

"వీళ్లది," అన్నాడు. కాసేపటికి సెట్టి వైపు తిరిగాడు. "ఏమయ్యా, గద్దె దిగి వెళ్లాడన్నావే ఆ పెద్దమనిషి, ఆయన పొలంలో ఏం పండించాడు?"

"గోధుమలని విన్నానండి."

"పనస లేదూ?"

"ఆ చలిదేశంలో పనసెక్కడిది మహాప్రభో!"

రాజుగారి ముఖం విప్పారింది. ఆకులోని గింజలన్నీ ఏరి జాగ్రత్తగా ఉత్తరీయం కొంగున ముడి వేసుకున్నాడు.

"నేను దిగే వేళకు ఇవి కాపుకి రావాలి," అని, మళ్లీ కడుపారా నవ్వాడు.