రాజవీధికి గృహప్రవేశం

ఒకానొక రాజ్యంలో, దాని పేరు మాత్రం అడక్కండి, చెబితే వాళ్ళ మునిమనవలు నామీదికి కొట్లాటకొస్తారు, ప్రచండభూపతి అనే రాజుండేవాడు. ఆయనకి తను చేసిందే సొగసు, తను చెప్పిందే వేదం.

ఒకనాడు పొరుగుదేశం రాయబారి వచ్చి, "మీ బజారు కాస్త పాతబడింది సుమండీ" అనేసి పోయాడు. అంతే, రాజుగారికి తిన్నది ఒంటబట్టలేదు. మంత్రి దండపాణిని పిలిచి, ఊరి నడిమధ్యనున్న రాజవీధిని చూసినవాళ్ళు నోరెళ్ళబెట్టేలా తయారుచెయ్యమన్నాడు.

దండపాణికి పని చెప్పడమే ఆలస్యం. దారికి అటూఇటూ ఉన్న కానుగచెట్లు కొట్టించాడు, తోరణాలకి అడ్డమట. అంగళ్ళ ముందున్న తాటాకు పందిళ్ళు పీకించాడు, మోటుగా ఉన్నాయట. జనం చేరగిలబడే అరుగులన్నీ పడగొట్టించాడు. వీధి పొడుగునా నున్నటి నల్లరాళ్ళు పరిపించాడు. ఇక ఆ వీధిలో ఎవరు కూర్చున్నా వంద గుంజీలు తియ్యాలని దండోరా వేయించాడు.

చూడ్డానికి వీధి బ్రహ్మాండంగా ఉంది. నడవడానికే లేదు. రథమొస్తే తప్పుకునే చోటు లేదు, ఎండొస్తే నిలబడే నీడ లేదు. నాలుగు రోజులకే జనం రావడం మానేశారు. అంగళ్ళవాళ్ళు ఈగలు తోలుకోవడం కూడా నిలబడే తోలుకోవాల్సి వచ్చింది, కూర్చుంటే గుంజీలాయె!

ఒక్క అరుగు మిగిలింది. అది మజ్జిగమ్మే సూరాలమ్మది. వీధి చివర కావడంతో పలుగు ఇంకా అక్కడిదాకా రాలేదు. ఆవిడ కళ్ళనీళ్ళతో, రాజుగారి కొలువులో ఉండే పేరిభట్టు ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

"అయ్యవారూ, ఎల్లుండి నా అరుగూ పందిరీ పడగొడతారంట. మా అత్త కట్టించిన అరుగు! కాళ్ళు లాగిన ముసలీముతకా భటుల కన్నుగప్పి అక్కడే కూలబడి, గుక్కెడు మజ్జిగ తాగి పోతారు. అది పోతే నా పొయ్యిలో పిల్లి లేవదు. మీకు నోరుంది, ఆ మారాజుకి ఒక్క మాట చెప్పండి బాబూ."

"అవి చెబితే వినే చెవులు కావమ్మా. కాళ్ళకే చెప్పాలి" అన్నాడు పేరిభట్టు.

మర్నాడు కొలువులో మెల్లగా కదిపాడు. "ప్రభూ, వీధి అమోఘం. నడిచేవాళ్ళకే కాస్త..."

"నడిచేవాళ్ళ గొడవ నాకెందుకయ్యా?" రాజు కసిరాడు. "ఆ వీధి నాది. నా ఇల్లెంతో అదీ అంతే!"

"చిత్తం! ఆ మాట ఏలినవారి నోటే రావాలని చూస్తున్నా. మరి కొత్తింటికి గృహప్రవేశం చెయ్యరా?"

సభంతా చప్పట్లు కొట్టింది. రాజు మీసం దువ్వాడు. ఊరేగింపంటే ఆయనకి ప్రాణం. "నా పల్లకీ సిద్ధం చెయ్యండి!"

"శివశివా! పల్లకీలో గృహప్రవేశమా? ముందు ఆవు నడవాలి, దాని వెనకే యజమాని దేవుడి పటం పట్టుకుని, చెప్పుల్లేకుండా నడవాలి. గుడిసెకైనా మేడకైనా ఒకటే ఆచారం ప్రభూ."

ఆస్థాన జ్యోతిష్కుడు పంచాంగం తిరగేశాడు. మర్నాడే మిట్టమధ్యాహ్నం అభిజిత్ లగ్నం ఉందనీ, దానికి తిరుగులేదనీ తేల్చాడు. రోహిణికార్తెలో రోళ్ళు పగులుతాయని పసిపిల్లలు కూడా చెబుతారు. వట్టివేళ్ళ తడికల మధ్య కూర్చున్నవాళ్ళకి ఆ సంగతి గుర్తుంటేనా!

"శుభకార్యానికి ముందు పలుగు మోగకూడదు" అన్నాడు పేరిభట్టు.

"సరేలే, ఆ ముసలిదాని అరుగు సాయంత్రం పడగొట్టిస్తా" అన్నాడు దండపాణి.

ముహూర్తం వచ్చింది. రాణిగారు తెలివైనావిడ, ఎండ చూసి తలనొప్పన్నారు. ముందు ఆవు, వెనక పటంతో రాజు, ఆ వెనక వట్టికాళ్ళతోనే దండపాణీ పేరిభట్టూ బయల్దేరారు. పది అడుగులు రాజు ఠీవిగా వేశాడు. ఇరవయ్యో అడుగుకి మడమలెత్తాడు. ముప్పయ్యో అడుగుకి గంతులు మొదలయ్యాయి.

"మంత్రీ! ఇవి రాళ్ళా, పెనాలా? చెట్టు కిందికి పోదాం పద. చెట్టేదయ్యా?"

"కొట్టించాం ప్రభూ" అన్నాడు దండపాణి, తనూ ఒంటికాలి మీద గెంతుతూ.

"పందిరేదీ?"

"పీకించాం ప్రభూ."

"కనీసం కాళ్ళు పైకెత్తుకుని కూర్చోడానికి అరుగేదయ్యా?"

దండపాణి రెండో కాలి మీదికి గెంతాడు.

ఆవు ఒకసారి నున్నటి రాయిమీద జారి, తమాయించుకుని, వీధి చివర సూరాలమ్మ పందిరి కనబడగానే తిన్నగా అటు నడిచింది. పశువైనా దానికున్న బుద్ధి మంత్రికి లేకపోయె! రాజు ఇక ఆచారం గీచారం చూడలేదు. ఆవుని దాటుకుని పరుగెత్తి, అరుగెక్కి కూలబడ్డాడు.

సూరాలమ్మ గుండెలు బాదుకుంది. "అయ్యయ్యో, కూర్చోకండి మారాజా! వంద గుంజీలు!"

రాజు తన ఎర్రటి అరికాళ్ళ వంక చూసుకున్నాడు. నిజంగానే తనకోసం హడలిపోతున్న ఆ ముసలమ్మని చూశాడు. నవ్వాపుకోలేక పొట్ట పట్టుకున్నాడు.

"పేరిభట్టూ! ఇదంతా నీ పన్నాగమే కదూ?"

"నాదేముంది ప్రభూ? తమ ఇంట్లో తమరు నాలుగడుగులు వేశారు. ఇదే ఇంట్లో జనం రోజూ నడుస్తారు."

రాజు మూడు ముంతల మజ్జిగ తాగి అక్కడే ఆజ్ఞ ఇచ్చాడు. మళ్ళీ కానుగమొక్కలు నాటాలి, పందిళ్ళు వెయ్యాలి, అరుగులు కట్టాలి, రథాలు వెనకవీధిన పోవాలి, సూరాలమ్మ అరుగు జోలికి ఎవరూ పోకూడదు.

సూరాలమ్మ చేతులు జోడించింది. మళ్ళీ వెంటనే, "మరి ఆ వంద గుంజీలో?" అంది.

రాజు దండపాణి వైపు చూశాడు. పాపం, నలభైకే మంత్రిగారి పనైపోయింది. తక్కినవి మాఫీ చేశారు.

పేరిభట్టుకి రాజు తన పల్లకీనే బహుమానంగా ఇచ్చాడు. పేరిభట్టు దాని బొంగులు ఊడదీయించి, పట్టుపరుపుతో సహా మోయించుకెళ్ళి వీధి మధ్యలో ఓ పందిరి కింద వేయించాడు, కాళ్ళు లాగినవాళ్ళు కూర్చోడానికి.

ఆపైన రాజుగారికి సాయంత్రాలు నడక అలవాటైంది. ఒకనాడు అలిసిపోయి పల్లకీ దగ్గరికొస్తే, అందులో ముగ్గురు ముసలమ్మలు కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్నారు. మాటల సందట్లో ఎవరూ తలెత్తలేదు.

"కాస్త చోటిస్తారా?" అన్నాడు రాజు.

"ఆ మూల సర్దుకో నాయనా," అంది ఒకావిడ, "ముందు కాళ్ళు దులుపుకో, మంచి పరుపు."

రాజు కాళ్ళు దులుపుకుని, నవ్వుకుంటూ ఆ మూలకి ఒదిగి కూర్చున్నాడు.