దేవసహాయం సాక్ష్యం

కృష్ణ ఒడ్డున ఒక లంక ఊళ్లో, తన దుఃఖం ముందు లోకంలో ఎవరి దుఃఖమైనా దిగదుడుపేనని అనుకునే దేవసహాయం అనే తాపీమేస్త్రీ ఉండేవాడు. పాపం, ఆ దుఃఖం నిజమైనదే. ఒక్క వానాకాలంలో భార్య జ్వరంతో పోయింది, ఇల్లు వరదలో పోయింది. అతను ఏడ్చిన ఏడుపుకే ఆ ఏడు కృష్ణ రెండు మూరలు పెరిగిందని నేనంటాను. కాదన్నవాళ్లు వెళ్లి కొలుచుకోండి.

ఆ ఊరి చర్చిలో ఆదివారం సాక్ష్యాలు చెప్పే వాడుక ఉంది. ఒకరు లేచి తమ కష్టం చెప్పుకుంటే, మిగతావాళ్లు వాళ్ల కోసం ప్రార్థన చేస్తారు. ఎవరు లేచినా వెనకాలే దేవసహాయం లేచేవాడు. గేదె చచ్చిందని ఒకరంటే, తన బతుకే చచ్చిందనేవాడు. అతను ముగించేలోగా ఇళ్ల దగ్గర కూరలు పాచిపోయేవి, ఒళ్లో పిల్లలకు మీసాలొచ్చేవి.

ఒక ఆదివారం దీనమ్మ లేచింది. ఆమె మూడేళ్ల కూతురు పోయి పది రోజులైంది. "మా పాపకి..." అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆగిపోయింది. ఆ కాస్త సందులో దేవసహాయం లేచాడు.

"నీకింకా పెనిమిటి ఉన్నాడు కదమ్మా. నాకెవరున్నారు?" అన్నాడు.

దీనమ్మ కూర్చుండిపోయింది. ఆ రోజు నుంచి మాట లేదు, ముద్ద లేదు. నాలుగో రోజుకి మంచం మీద దుప్పటి ఉందో మనిషి ఉందో తెలియకుండా అయింది.

ఆ చర్చి తరఫున ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే హన్నమ్మ అనే ముసలమ్మ ఉండేది. ఆమె వచ్చి సంగతి చెప్పేసరికి దేవసహాయం ఆమెనే వెళ్లి ప్రార్థన చేయమని బతిమాలాడు. చేస్తానంది, కానీ నడవాల్సింది మాత్రం అతనేనంది.

"వెళ్లి ఏం చెప్పను పిన్నీ?"

"ఏమీ చెప్పకు. నోరు మూసుకుని కూర్చో. నీకది సముద్రం ఈదినంత పనని నాకు తెలుసులే."

వెళ్లాడు. దీనమ్మ భర్త అతని మొహం చూడలేదు. దేవసహాయం గడప పక్కన కూలబడ్డాడు. తన గోడు వెయ్యిసార్లు పళ్ల దాకా వచ్చింది, వెయ్యిసార్లూ మింగాడు. మర్నాడూ అంతే. మూడో రోజు దీనమ్మ అటు తిరిగే, ఎందుకొచ్చావని అడిగింది.

"పాప పేరేంటో నేను అడగలేదమ్మా," అన్నాడు.

ఆమె ఇటు తిరిగి, "కెజియా," అంది.

ఇక ఆగలేదు. పాప నవ్వు, పాప పేచీలు, చివరి రోజు మంచినీళ్లు అడిగిన తీరు, అన్నీ చెప్పి ఏడ్చింది. దేవసహాయమూ ఏడ్చాడు. ఏడ్చింది తన కోసం కాదని బయటికొచ్చాక గానీ అతనికి తెలియలేదు. ఆ సాయంత్రం దీనమ్మ రెండు గుక్కల గంజి తాగింది.

పాప తిరిగి రాలేదు, దేవసహాయం భార్యా రాలేదు. మర్నాడు హన్నమ్మ అతన్ని వెంటబెట్టుకుని, మనిషి పోయిన మరో ఇంటికి బయల్దేరింది. తనను విడిచి వెళ్లిపోయాడనుకున్న దేవుడు, ఆ ఏడుపుల ఇళ్లలో తనకంటే ముందే వచ్చి కూర్చుని ఉన్నట్టు అతనికి తోచింది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ అతను ఆ ఇళ్లకు వెళ్లడం మానలేదు.

నీతి: మన దుఃఖం పెద్దదని చాటుకున్నంత కాలం అది తగ్గదు; పక్కవాళ్ల దుఃఖం దగ్గర మౌనంగా కూర్చున్నప్పుడే విశ్వాసమూ, బతకడానికో పనీ దొరుకుతాయి.