పిలవందే పడవ దిగనన్న వియ్యంకుడు

మధ్యాహ్నం తిరిగింది. తుంపర పడుతోంది. ఏటి ఒడ్డున గొడుగు కింద కూర్చున్న మా రాజుగారు ఉన్నట్టుండి ఒట్టు పెట్టుకున్నారు.

"ఈ తగువు తీరేదాకా నేను భోంచెయ్యను. మీరూ చెయ్యకూడదు."

కొలువులో ఉన్నవాళ్ళంతా మా వైపు చూశారు. ఆ చూపులు ఇంకా మర్చిపోలేదు నేను.

తగువు మాదే. మా కోడలు మాణిక్యం పెళ్ళయిన ఏడాది ఆషాఢానికని ఏటి అవతలికి, పుట్టింటికి వెళ్ళింది. ఆ నెల తిరక్కుండానే ఈ ఒడ్డు రాజుకీ ఆ ఒడ్డు రాజుకీ యుద్ధం వచ్చింది. మూడేళ్ళు పడవ కదల్లేదు. నా మనవరాలు అక్కడే పుట్టింది. నేను చూడలేదు.

ఇప్పుడు సంధి. ఇవాళ ఒక్కరోజు అవతలివాళ్ళు ఇటు రావొచ్చు. ఇవతలివాళ్ళు అటు అడుగు పెట్టకూడదు. పొద్దు గూకితే పడవ కట్టేస్తారు. మళ్ళీ ఎప్పుడు విప్పుతారో ఆ రాజులకే తెలీదు.

అవతల చిక్కుకుపోయిన అందరి పిల్లలూ వచ్చేశారు. మా వియ్యంకుడు కొమరన్న కూడా వచ్చాడు, ఒక్కడే. కూతుర్నీ మనవరాల్నీ ఆ గట్టున నిలబెట్టి, తను పడవలో వచ్చి, ఇక్కడ దిగకుండా కూర్చున్నాడు. దిగితే పిలవని పేరంటానికి వచ్చినట్టవుతుందట. అత్తింటివాళ్ళు బొట్టు పెట్టి పిలవందే ఆడపిల్లని పంపడం వాళ్ళ ఇంటా వంటా లేదట.

మా ఆయన ఊరుకుంటారా. పిలవడానికొస్తే మీ భటులు కాళ్ళు విరగ్గొడతారు కదా బావగారూ అన్నారు. విరిగితే నులకమంచం వేసి పడుకోబెడతాం, మర్యాద మాత్రం తప్పం అన్నాడాయన. అక్కణ్ణుంచి మాట గేదెల మీదికి పోయింది. మా గేదెల్ని తోలుకుపోయింది వాళ్ళ సైన్యమట. వాళ్ళ గడ్డివామి తగలబెట్టింది మా సైన్యమట. మా అబ్బాయి గంగులు మోకాలి లోతు నీళ్ళలోకి దిగి అవతలి గట్టు చూస్తున్నాడు. భటుడు బల్లెం అడ్డం పెట్టాడు.

రాజుగారు పురోహితులు గణపతి అవధాని గారిని అడిగారు. తనంత శాస్త్రం తెలిసినవాడు రెండు ఒడ్ల మీదా లేడని ముందు చెప్పుకుని, ఆ తర్వాత ఆయన తీర్పు చెప్పారు. బొట్టు పెట్టని పిలుపు పిలుపే కాదు. పిలుపు లేనిదే పిల్ల రాకూడదు. ఇక్కణ్ణుంచి అక్కడికి ఎవరి చెయ్యీ అందదు గనక తగువు తీరదు.

"మరి భోజనం?" అన్నారు రాజుగారు.

అవధాని గారు ఉపవాసం మహిమ అందుకున్నారు.

అప్పుడు లేచాడు తిప్పన్న. రాజుగారిని నవ్వించడం అతని పని. ఆకలికి అందరికంటే ముందు ఓడిపోయేదీ అతనే. నేరుగా నా దగ్గరికొచ్చాడు.

"అమ్మా, కోడలు ఆషాఢానికి బయల్దేరేప్పుడు ఏం చేశావు?"

"బొట్టు పెట్టాను."

"ఏమన్నావు?"

అవతలి గట్టున నిలబడ్డ మాణిక్యం వైపు చూశాను.

"అందరూ అనేదే. వెళ్ళిరా తల్లీ అన్నాను."

తిప్పన్న తల గోక్కుంటూ అవధాని గారి వైపు తిరిగాడు. ఈవిడ ఒక మాట ఎక్కువ వాడినట్టుంది, పంపేటప్పుడు 'వెళ్ళు' అంటే సరిపోదా, ఆ 'రా' దండగ కాదా అని అడిగాడు.

అవధాని గారికి ఒళ్ళు మండింది.

"ఉత్త 'వెళ్ళు' అంటే అశుభంరా మూఢుడా. తిరిగి రమ్మని పిలవాలి. ఇంతమాత్రం చంటిపిల్లలకీ తెలుసు."

"పిలవాలంటారా?"

"పిలిచి తీరాలి. నా మాటంటే శాస్త్రమే."

తిప్పన్న ఆయనకో దణ్ణం పెట్టి పడవ వైపు తిరిగాడు.

"విన్నావా కొమరన్నా. బొట్టు పెట్టింది, రా అని పిలిచింది. పిలుపందుకున్న మూడేళ్ళకా వచ్చేది?"

అవధాని గారు మెల్లిగా గొడుగు అంచుకి జరిగారు.

కొమరన్న తల పంకించాడు. ఆ రోజు మా ఇంటికి బొట్టుతోనే వచ్చింది పిల్ల, నిజమేనన్నాడు. తర్వాత మా ఆయన వైపు చెయ్యి చాపాడు.

"మర్యాద అందింది. ఆ చెయ్యి ఇటివ్వండి బావగారూ, ఇందాకట్నుంచీ పడవ ఊగి కడుపులో తిప్పుతోంది."

రాజుగారు నవ్విన నవ్వుకి గొడుగు మీది నీళ్ళు అవధాని గారి మీద పడ్డాయి. ఒడ్డంతా నవ్వింది. రాజుగారు తన జరీ శాలువా తీసి ఇవ్వబోతే తిప్పన్న రెండడుగులు వెనక్కి వేశాడు.

"శాలువా తర్వాత ప్రభూ. విస్తరి ముందు."

కొమరన్న అవతలి గట్టుకేసి ఉత్తరీయం ఊపాడు. పడవ వెళ్ళింది, వచ్చింది. గంగులు నీళ్ళలోనే ఎదురెళ్ళి పట్టుకున్నాడు. ఈసారి భటుడు బల్లెం పక్కకి తీశాడు.

"వచ్చానత్తయ్యా" అంది మాణిక్యం.

చంకలో పిల్ల నా దగ్గరికి రానంది. అంతా కొమరన్న తాత పోలిక. రా తల్లీ అని పిలిచాను. వచ్చింది.

పొద్దు గూకకముందే అందరికీ విస్తళ్ళు వేశాను. మా ఆయన. గంగులు. మాణిక్యం. నా మనవరాలు. వియ్యంకుడు. వడ్డించడం ఆపి, మూడేళ్ళకి నిండిన ఆ పంక్తిని మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాను.